గంజి పెట్టిన రుమాలు

నా భార్య చనిపోయి నేటికి పద్దెనిమిది రోజులు. ఆయాసమంటే నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడో రోజు ఉదయం పదింటికి గుండె ఆగింది. చెప్పవలసిన వాళ్ళందరికీ నేనే ఫోన్ చేశాను. అందరికీ అదే ఒక్క వాక్యం. చాలామంది "అయ్యో" అని ఊరుకున్నారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు మాత్రం ఇంకో మాట కలిపారు. "మొన్ననే గదా సార్, మాకు వెన్న తీసుడు నేర్పింది."

ఆ మాట విన్నాకే, ఆమె గురించి రాయాలంటే వెన్న దగ్గర మొదలుపెట్టవచ్చనిపించింది. ఆమె వెన్న ఎందుకు తీయవలసి వచ్చిందో ఆ ఫోన్లో మాట్లాడినవాళ్ళలో కొందరికి తెలియదు. అందులో నా తప్పు ఉంది.

మాది బోధన్. నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను. చెరకు రసంలో తీపి ఎంతో కొలిచి రిజిస్టర్లో రాయడం నా పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకున్నాను. ఆమె పదో తరగతి చదివింది. పేపరు నా తరువాత చదివేది, నేను వదిలేసిన వార్త ఏదో ఒకటి పట్టుకుని అడిగేది. ఇంట్లో గంజి వృథా పోనిచ్చేది కాదు. నా చొక్కాలు, తన చీరలు, చివరికి నా చేతిరుమాళ్ళు కూడా గంజిలో ముంచి ఆరేసి ఇస్త్రీ చేసేది. జేబులో రుమాలు అట్టముక్కలా ఉండేది. కాలేజీలో నవ్వుతున్నారని ఒకసారి చెప్పాను.

"మెత్తగుంటె అది రుమాలైతదా, మసిగుడ్డ అయితది" అంది.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఊళ్ళో ఎక్కడ చూసినా కల్తీ వెన్న గురించే చర్చ. పామాయిల్ గడ్డకట్టించి అమ్ముతున్నారని, ఉడికించిన ఆలుగడ్డ పిసికి కలుపుతున్నారని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. మాకు పాలు, వెన్న తెచ్చేది వర్ని రోడ్డు మీది ఒక పల్లె నుంచి వచ్చే పాలామె. నాలుగు బర్రెలు ఆమెకు. మా గల్లీలో ఆరేడు ఇళ్ళకూ, బజారులో మిఠాయి దుకాణం నడిపే భాయికీ ఆమే వెన్న ఇచ్చేది. మోదుగాకుల్లో చుట్టి తెచ్చేది. నా భార్య ఆమెను అక్కా అని పిలిచేది.

గల్లీవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. "మీరు ల్యాబుల చేసినోళ్ళు గదా సార్, జర చూసి చెప్పుండ్రి" అన్నారు. నాకు సంతోషమే అయింది. ఫ్యాక్టరీ పోయాక నన్ను ఎవరూ ఏదీ పరీక్షించమని అడగలేదు.

ఆ వారం నా భార్య నిజామాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉంది. నేను కాలేజీ నుంచి చిన్న సీసాలో అయోడిన్ తెచ్చాను. పిండి పదార్థం ఉంటే అయోడిన్ నీలంగా మారుతుంది. బడిపిల్లలకు కూడా తెలిసిన పరీక్ష. అయినా పద్ధతిగా చేద్దామనుకున్నాను. ముందు వెన్నలో మిగిలిన చల్ల ఓడ్చాలి. దానికి ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన గుడ్డ కావాలని బీరువా తెరిచి, ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు తీశాను. వెన్నను అందులో మూటగట్టి పిండాను. గ్లాసులో వేసి వేడినీళ్ళు పోశాను. చల్లారాక రెండు చుక్కలు వేశాను.

నీలం వచ్చింది.

రెండోసారి చేయలేదు. ఎందుకు చేయలేదో ఈ రోజుకూ చెప్పలేను. ఫ్యాక్టరీలో ఒక్క రీడింగు మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

మరునాడు గేటు దగ్గర పాలామెతో చెప్పాను, వెన్నలో పిండి కలిసిందని.

"పిండా? నా బర్రె చాట్ల పిండి పెట్టుకొని తిరుగుతదా సారూ?" అంది, నవ్వుతూనే.

"పరీక్షలో వచ్చింది" అన్నాను.

ఆ నవ్వు పోయింది. గల్లీలో మిగతా ఇళ్ళవాళ్ళు అప్పటికే గడపల్లో నిలబడి వింటున్నారు. ఆ రోజు ఆమె ఏ ఇంటి ముందూ ఆగలేదు. సాయంత్రానికి మిఠాయి భాయికి కూడా తెలిసింది.

నా భార్య తిరిగివచ్చేసరికి పది రోజులు దాటింది. వచ్చిన మరునాడు పొద్దున, "అక్క ఇంక రాలేదేంది?" అని అడిగింది. చెప్పాను. విని, బట్టలు నానబెట్టడానికి పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి ఒక రుమాలు పట్టుకుని వచ్చింది. దాని మీద నీలపు మరక ఉంది. పరీక్ష అయ్యాక సీసా మూతిని దాంతోనే తుడిచాను.

"దీంట్లనేనా వెన్న పిండింది?"

"అవును. శుభ్రమైంది గదా."

"గిది గంజి పెట్టిన రుమాలు గదా!"

నాకు వెంటనే అర్థమైంది. కానీ ఆమె ఆగలేదు. బీరువాలోంచి ఇంకో రుమాలు తెచ్చి బల్ల మీద పరిచి, నా సీసాలోంచి ఒక చుక్క వేసింది. ఆ చుక్క పడ్డచోట రుమాలు నల్లగా, నీలంగా మారింది.

"మీ మందు పట్టింది నా గంజిని. ఆమె వెన్నను గాదు" అంది.

ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేసిన మనిషిని. ఆమె చేసినంత మంచి పరీక్ష నేను చేసినట్టు గుర్తులేదు.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. మెల్లగా సర్దుబాటు అవుతుందని, పాలామె కనిపించినప్పుడు చెబుదామని ఏదో అన్నాను. నా భార్య విన్నది.

"ఫ్యాక్టరీల తప్పు రాసుకుంటె ఏం జేస్తుంటిరి?"

"కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టేవాళ్ళం."

"మరి నడువుండ్రి. కొట్టేసొద్దాం."

చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. ప్రతి ఇంటికీ వెంట వచ్చింది, కానీ నా బదులు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గడప దగ్గర నేను నోరు తెరిచేదాకా అలాగే నిలబడేది. ఒకింట్లో పెద్దావిడ పడీ పడీ నవ్వింది. "గట్లనా సార్! అయితే మేం మీ రుమాలు మీద కేసు పెట్టాలె" అంది. ఆ నవ్వుకు నేను చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే మంచిదే అనిపిస్తుంది. నవ్వుకున్న విషయం నలుగురికి త్వరగా చేరుతుంది.

మిఠాయి భాయి మాత్రం నవ్వలేదు.

"క్యా సాబ్, మీ మాట మీద ఆమెను దుకాణం మెట్లు ఎక్కనియ్యలె. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని పిలవాలె?"

అక్కడ ఒక్కచోట నా భార్య కల్పించుకుంది. "మా ఆయన మొఖం పెట్టుకొని ఊరంత తిరుగుతుండు గదా భాయ్. నీదేం పోతది?"

భాయి రెండు చేతులూ ఎత్తి, "బస్, అమ్మా, బస్" అన్నాడు. ఆ వారమే పాలామెకు కబురు పెట్టాడు.

చివరికి ఆమె పల్లెకు వెళ్ళాం. పాలు పిండుతోంది. నేను పక్కన నిలబడి అంతా చెప్పాను. రుమాలు సంగతి, గంజి సంగతి. ఆమె చేతులు ఆపలేదు. చెంబు నిండాక లేచింది.

"సారూ, నువ్వు చదువుకున్నోనివి. నువ్వు అన్న మాట ఊరంత ఇన్నది. నేను అన్నది ఎవలిన్నరు?"

చెంబు పక్కన పెట్టి, నా భార్య వైపు చూసింది.

"పాలు పోస్త. చెల్లె మొఖం చూసి పోస్త. నా చేతి వెన్న మాత్రం నీ ఇంటికి రాదు" అంది.

బతిమాలబోయాను. నా భార్య నా మోచేయి పట్టుకుని ఆపింది. "సరే అక్కా. ఎట్ల తియ్యాల్నో నాకు నేర్పు" అంది. ఆ సాయంత్రం ఆ పల్లెలో, పశువుల కొట్టం ముందు పీట మీద కూర్చుని నేర్చుకుంది. కల్తీకి భయపడి ఆమె వెన్న తీయడం మొదలుపెట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగింది ఇది.

ఆ తరువాత ఎనిమిదేళ్ళు మా ఇంట్లో కొన్న వెన్న లేదు. రోజూ పాలు కాచి చల్లార్చి, మీగడ తీసి ఒక స్టీలు డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేది. డబ్బా నిండితే ఒక పగలంతా బయట పెట్టి కరగనిచ్చి, సాయంత్రం చెంచాడు పెరుగు కలిపేది. తెల్లారి కవ్వంతో చిలికేది. మిక్సీ కొనిస్తానంటే ఒప్పుకోలేదు. "చప్పుడు ఇంటాంటె తెలుస్తది" అనేది. నిజమే. చిలుకుతుంటే మొదట పల్చటి చప్పుడు ఉంటుంది. కాసేపటికి బరువెక్కుతుంది. ఉన్నట్టుండి మళ్ళీ పల్చబడుతుంది. అప్పుడు చన్నీళ్ళు పోసేది. వెన్న ఆవగింజలంత గింజలుగా తేలేది. చేత్తో కూడదీసి, నీళ్ళు మార్చి మార్చి కడిగేది. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా అది వెన్న కాదు ఆమె లెక్కలో. మిగిలిన చల్లలో ఉప్పు, కరివేపాకు వేసి గల్లీలో వాళ్ళకు గ్లాసుల్లో పోసేది.

నేను పక్కన కూర్చుని నీళ్ళ వేడి కొలుస్తానని థర్మామీటర్ తెచ్చేవాణ్ణి. వద్దనలేదు. "కొలుసుకోండ్రి. కొలిచినంక ఎంతుందో నాకు గుడ చెప్పుండ్రి" అనేది. చెప్పేవాణ్ణి. అప్పటికే చేత్తో చూసుకుని ఉండేది.

గల్లీ ఆడవాళ్ళు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. ప్యాకెట్ వెన్న అంత పచ్చగా ఎందుకుంటుంది, విడి నెయ్యి ఎందుకు వాసన రాదు, ఏ దుకాణంలో ఏం కలుపుతున్నారు, ఇవే మాటలు. ఆమె వినేది. దుకాణం పేరు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఎత్తేది.

"చేసుకుంటె చేసుకోండ్రి. ఎవల పేరూ తియ్యకుండ్రి నా ఇంట్ల."

నేను లోపలి గదిలో పేపరు చదువుతున్నట్టు ఉండేవాణ్ణి. ఆ మాట నా వైపు చూసి ఎన్నడూ అనలేదు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా, కోపంలోనైనా, నవ్వులాటకైనా, ఆ సంగతి ఎత్తి చూపలేదు. ఒక్క మార్పు చేసింది. నా రుమాళ్ళకు గంజి మానేసింది. మెత్తటి రుమాళ్ళు మడత పెట్టి బల్ల మీద ఉంచేది. ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

పాలామె రోజూ వచ్చేది. గేటు బయట నిలబడి పాలు పోసి వెళ్ళేది. లోపలికి రమ్మంటే బర్రెలు ఎదురుచూస్తుంటాయనేది. నా భార్య ఊరుకునేది కాదు.

"ఇంకెన్నేండ్లు అక్కా? జరంత వెన్న తేరాదు?"

"నీ మొగుడు మళ్ళ పరీచ్చ పెట్టడని నువ్వు పూచీ ఉంటవా?"

"ఉంటనే."

"నువ్వుంటవు గని, నేను తేను."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నవ్వులో నవ్వుగానే ఆమె తేలేదు. నా భార్య లోపలికి వచ్చి, "ఇంక కాలేదు" అనేది, అన్నం ఉడికిందో లేదో చూసి చెప్పినట్టు. ఎప్పటికైనా ఆ మనిషి చేతి వెన్న మా ఇంటికి రావాలని ఆమెకుండేది. నా కోసమే. నేను ఆ తప్పుతోనే ముసలివాణ్ణి కాకూడదని.

ఆ రోజు తప్పు ఒప్పుకోవడానికి ఆమె నన్ను ఒక్కణ్ణే పంపలేదు. నా వెంట నడిచింది. దానికి నేను ఒక్క మంచి మాట చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకు అటువంటివి చెప్పుకునే అలవాటు మాకు లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పదకొండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఫ్రిజ్ సర్దుతూ, ఫ్రీజర్‌లోంచి స్టీలు డబ్బా తీసింది. ముక్కాలు వంతు మీగడ ఉంది. వాళ్ళమ్మ ఆసుపత్రికి వెళ్ళేముందు తీసిపెట్టినది.

"బాపూ, ఏం జేద్దాం? పారపోద్దామా?"

"ఉండనీ" అన్నాను. అమ్మాయి దాన్ని మళ్ళీ లోపల పెట్టి, మరునాడు వెళ్ళిపోయింది.

ఆ మరునాడు పాలామె వచ్చింది. నేను గిన్నె పట్టాను. పాలు పోసి, చెంబు మూత పెట్టి, వెళ్ళలేదు.

"చెల్లె మీగడ ఉన్నదా సారూ?"

"ఉన్నది."

"ఇప్పుడే బయట పెట్టు. మాపటికి ఇంత పెరుగు ఎయ్యి. రేపొస్త."

చెప్పినట్టే చేశాను. తెల్లారి ఆమె గేటు తీసుకుని లోపలికి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. వంటింట్లో కవ్వం ఎక్కడుందో నేను వెతుకుతుంటే, తలుపు వెనక మేకుకు ఉన్నది తనే చూసి తీసుకుంది. నేల మీద కూర్చుని చిలకడం మొదలుపెట్టింది. నన్ను నీళ్ళు తెమ్మంది. తెచ్చాను. చప్పుడు బరువెక్కింది, పల్చబడింది. వెన్న తేలింది. కూడదీసింది, కడిగింది. ఐదుసార్లు నీళ్ళు మార్చింది. చివరిసారి నీళ్ళు తేటగా వచ్చాయి. ముద్దను అరచేతిలో ఒత్తి, గిన్నెలో చన్నీళ్ళలో వదిలింది.

లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"పరీచ్చ జేసుకుంటవా సారూ?"

తల అడ్డంగా ఊపాను. ఆమె కళ్ళు ఒత్తుకుని చెంబు తీసుకుని వెళ్ళింది.

ఇది జరిగి ఐదు రోజులు. వెన్న ఇంకా కాచలేదు. ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున, సాయంత్రం నీళ్ళు మారుస్తున్నాను. నా భార్య తీసిన మీగడ అది. దాని మీద పాలామె నాలుగు వేళ్ళ గుర్తులు ఉన్నాయి. నీళ్ళు మార్చినప్పుడల్లా అవి కొంచెం కొంచెం నునుపు తేలుతున్నాయి. ఈ పొద్దున చూస్తే మూడు కనిపించాయి.