మామగారి రెండో గేరు

మా మామగారికి ఒక మోటార్‌సైకిల్ ఉంది. అది నాకన్నా వయసులో పెద్దది, ఆయనకు నాకన్నా ముద్దు. నీటిపారుదల శాఖలో రిటైరై, అత్తగారితో కలిసి నిజాంపేటలో మా ఫ్లాట్‌కి వచ్చేసినప్పుడు లారీలోకి మొదట ఎక్కింది అదే. మంచాలు తర్వాత ఎక్కాయి.

ఆ బండికి ఒకటే రోగం. రెండో గేరు నిలవదు. వేసిన నాలుగు గజాలకే టక్కున ఊడిపోయి, ఇంజను ఊరికే అరుస్తుంది. అందుకని మామగారు కుడికాలితో గేరు రాడ్డును అదిమి పట్టుకునే నడిపేవారు. "దాని స్వభావమండీ అది. మనుషులకు ఉండవా ఏంటి?" అనేవారు. ఏళ్ల తరబడి నొప్పిపెట్టి, చివరికి ఆ కాలి చీలమండ వాచిపోయింది. ఇక గేరు అదమొద్దని డాక్టరు చెప్పాక, రెండేళ్లుగా బండి మా సెల్లారులో దుప్పటి కింద ఉండిపోయింది.

ఇంతలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు అంటించింది. నడవని బండ్లు సెల్లారులో ఉండరాదు. వచ్చే ఆదివారం సెక్రటరీ చూస్తుండగా ర్యాంపు ఎక్కి, వీధి చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చిన బండే ఉంటుంది, రానిది పాత ఇనుము కొట్టుకి. మామగారు దాన్ని రెండుసార్లు చదివి, ఆ పూట అన్నం సగంలో లేచిపోయారు. బండి ఇంట్లో ఉంటే చాలదు ఆయనకి, మళ్లీ తనే నడుపుకుంటూ చర్చికి వెళ్లాలి. ఆ మొహం చూడలేక, "నేను బాగుచేస్తాను మామయ్యగారూ" అనేశాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చడానికి కూడా మనిషిని పిలిపించే రకాన్ని నేను.

అయితేనేం, మాదాపూర్‌లో పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. మా పనిలో మొదటి సూత్రం, దేన్నైనా ముట్టుకునే ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ పెట్టుకోవడం. వారం రోజులు సెలవు పెట్టాను. గేర్‌బాక్స్ విప్పుతూ ప్రతి ముక్కకీ ఫొటో తీశాను, మొత్తం నూట పద్నాలుగు. ప్రతి ముక్కనీ కవర్లో వేసి నంబరు రాశాను. చిన్న వాషర్లకి అత్తగారి ఇడ్లీ రేకులు పట్టుకొచ్చాను, ఆవిడ ఇప్పటికీ వాటిని వాసన చూసి గానీ పిండి వెయ్యరు. మామగారు పక్కనే స్టూలు మీద కూర్చుని, "దీని మీద పరాయి మెకానిక్ చెయ్యి పడనివ్వలేదండీ. విప్పినా నేనే, బిగించినా నేనే" అని గంటకోసారి చెప్పేవారు.

రెండో గేరు పళ్లు వాడేసిన సబ్బుబిళ్లల్లా గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. దొంగ దొరికాడనుకున్నాను. మదీనాగూడలో పాత బండ్లే చూసే ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. ఆయన దగ్గర కొత్త గేరు, బేరింగులు తెచ్చి, ఫొటోలు ముందు పెట్టుకుని, వెనక నుంచి ముందుకి ఒక్కటీ తప్పకుండా బిగించాను.

శుక్రవారం సాయంత్రం మూత వెయ్యబోతుంటే మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. వాళ్లొచ్చాక మా ఇంట్లో ప్రార్థన లేకుండా కుక్కరు కూడా పొయ్యి ఎక్కదు. ఇద్దరం తలలు వంచాం. "తండ్రీ, ఈ గేర్ల మధ్య శాంతి సమాధానములు దయచేయుము. సెక్రటరీ గారి హృదయమును మెత్తపరచుము. ఎవరి తప్పు వలన ఈ గేరు నిలవక యున్నదో ఆ తప్పును బయలుపరచుము." నేను గట్టిగా ఆమెన్ అన్నాను.

శనివారం పొద్దున్నే వీధిలోకి తీశాను. మొదటి గేరు వెన్నలా పడింది. రెండోది వేశాను. నాలుగు గజాలు. టక్. కొత్త గేరుతో పాత టక్కు! కోపం పట్టలేక బండిని ఒక్క తన్ను తన్నాను. దానికేం కాలేదు, నా బొటనవేలు వాచింది. ట్రాలీ ఆటోలో బండిని ఎక్కించి, ఇద్దరం కుంటుకుంటూ మదీనాగూడ వెళ్లాం.

మెకానిక్ మూత విప్పి, లోపలికి చూసి, నన్ను చూశాడు. "ఏంది సార్, గిట్ల బిగించినవ్?"

నేను ఫోన్ ముందుకు చాపాను. "చూడండి, ముందు ఎలా ఉందో అచ్చం అలాగే బిగించాను. వెంట్రుకవాసి తేడా లేదు."

ఆయన ఫొటోని పెద్దది చేసి చూశాడు. "ఫొటో మంచిగ తీసినవ్ సార్. తప్పు గూడ మంచిగ పడ్డది. గేరును జరిపే గీ ఫోర్కు ఉల్టా ఉంది. గిట్లుంటే పళ్లు సగమే పడ్తయ్, ఎన్ని కొత్త గేర్లు ఏసినా ఊడుడే. ఎవడు పెట్టిండు గిది?"

నేను మామగారి వైపు తిరిగాను. ఆయన ముంబై హైవే మీద పోతున్న లారీలను చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"జర ఫికర్ జెయ్యకుండ్రి, పది నిమిషాల పని" అన్నాడు మెకానిక్. ఫోర్కు తిరగేసి పెట్టాడు. ఇంటి మలుపు దగ్గర మామగారు, "మా అమ్మాయి పుట్టిన ఏడు ఒకసారి విప్పానులెండి" అన్నారు.

ఆదివారం సెక్రటరీ రిజిస్టరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మామగారు చర్చి బట్టల్లోనే కిక్కు కొట్టి, ర్యాంపు ఎక్కి, వీధిలోకి వెళ్లిపోయారు. టక్కు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. వినపడలేదు. రౌండు పూర్తిచేసి వచ్చి దిగారు, సెక్రటరీ టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. మామగారి మొహంలో మాత్రం నేననుకున్న సంతోషం లేదు.

"ఊడిందా మామయ్యగారూ?"

"లేదండి. కాలు పెట్టకుండానే నిలబడింది." స్టూలు మీద కూర్చుని చీలమండ తడుముకున్నారు. "అల్లుడుగారూ, ఈ ఫోర్కు సంగతి మీ అత్తగారికి మాత్రం చెప్పకండి. ముప్పై ఏళ్లుగా రోజూ ఈ కాలికి నూనె రాస్తోందండీ ఆవిడ."

అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు నాకు రాలేదు. చెప్పనని మాటిచ్చాను.