మామ నోట్ల నో-షో

ఎనభైలల్ల మా మేనమామ మిర్యాలగూడ బస్టాండు ఎదురుంగ విమానం టికెట్లు అమ్మెటోడు. ఆయన మాత్రం జన్మల విమానం ఎక్కలే. అయినా ఆయన కండ్లకు మనుషులంత ప్యాసింజర్లే. పెండ్లిల తినేటోళ్ల వెనుక విస్తరి కోసం నిలబడ్డోళ్లు స్టాండ్‌బై. పిలిచినా రానోడు నో-షో.

ఒకసారి ఓ రైస్‌మిల్లు సేటు బొంబాయికి టికెట్ చేయించుకొని పోలే, పోతలేనని చెప్పనూ లేదు. మామ అది మనసుల పెట్టుకున్నడు. మా చెల్లె పెండ్లిల సేటు అప్పుడే ముద్ద కలుపుతుంటే, "నో-షో సేటూ, గీ బంతికన్న వచ్చినవా?" అన్నడు నలుగురి ముందట. సేటు విస్తరి ముందటికెల్లి లేచిపోయిండు. "తినేటోణ్ని లేపుతవా, నీ నోరు పడిపోను!" అని అత్త తిట్టింది. "నో-షోకు సీటుండదు, రూల్ అంటే రూలే," అన్నడు మామ. ఇగ మామకు, సేటుకు మాటలు ఖతం.

మామ పోయిన పదకొండో దినం భోజనాలకు సేటును ఎవరూ పిలవలే. నేను తింటుంటే వెనుక ఎవరో నిలబడ్డరు. తిరిగి చూస్తే సేటు. గాబరాగ లేవబోతే భుజం పట్టి కూసోబెట్టిండు.

"నిమ్మళంగ తిను బిడ్డా, నేను స్టాండ్‌బై."

గోడ మీది మామ ఫోటో దిక్కు మెడ తిప్పిండు.

"పిలవకున్నా వచ్చిన. ఇప్పుడేమంటవ్?"