పక్క కుర్చీ

ఊళ్లో ఏ సభ జరిగినా మొదటి వరుసలో మైకుకు దగ్గరి కుర్చీ రిటైరైన లెక్చరరు గారిదే. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో ఖరీదైన పెన్ను, పక్క కుర్చీలో భార్య. పెన్ను అలంకారానికి, భార్య వీడియో తీయడానికి. వక్తలు మాట్లాడుతున్నంతసేపూ ఆయన హాయిగా కునుకు తీస్తారు. "ఇక ప్రశ్నలు అడగొచ్చు" అన్న మాట చెవిన పడగానే మాత్రం చటుక్కున లేచి మైకు అందుకుంటారు. ఆయన అడిగే ప్రశ్నలో అన్నీ ఉంటాయి, ప్రశ్న ఒక్కటే ఉండదు.

మొన్న "కొత్త మీడియా, మన సమాజం" అనే చర్చాసభలో ఆ ప్రశ్న పావుగంట సాగింది. "ఈ ఫోన్లొచ్చాక పక్కనున్న మనిషి మాట వినే నాథుడే లేడండీ!" అని వాపోయారు. హాలంతా చప్పట్లు. తిరిగొచ్చేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. భార్య ఫోన్లో వీడియో పంపి, కింద "ఇంటికెళ్లిపోతున్నా" అని ఒక్క ముక్క రాసింది. ఆయన ఆత్రంగా వీడియో తెరిచారు. ఆయన ఉపన్యాసాన్ని మించి, ఫోనుకు దగ్గరగా ఉన్న గొంతే స్పష్టంగా వినిపించింది: "ఏమండీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి... ఏమండీ, ఒక్కసారి ఇటు చూడండి..." వీడియోలో ఆయన ఇటు చూశారు కూడా. చూసి, కెమెరా కోసం కాలరు సర్దుకున్నారు.

లెక్చరరు గారి మొహం కందగడ్డలా అయింది. వెంటనే భార్యకు ఫోన్ కొట్టారు.

"ఏమిటే ఇది? నా మాటల మధ్యలో నీ గోలేమిటి? దీన్నిప్పుడు గ్రూపులో ఎలా పెట్టను?"