కిటికీలోంచి సింగపూర్

యాభయ్యో పుట్టినరోజు విదేశంలోనే చేసుకోవాలని మా ఆయన పట్టుబట్టాడు. అసలా పుట్టినరోజే నిజమైనది కాదు. బడిలో వేసేటప్పుడు మా మామ నోటికొచ్చిన తేదీ ఒకటి చెప్పి వచ్చాడట. ఈయన పుట్టింది వానలు దంచి కొడుతున్నప్పుడని మా అత్త చెప్పేది. కాగితాల్లో ఉన్నదేమో ఎండాకాలం మొదట్లో. ఆ దొంగ తేదీకి అన్నేళ్లుగా ఇంట్లో ఎవరూ పిడికెడు చక్కెర కూడా పంచలేదు.

కరోనా రెండో విడతలో మాట మారింది. మేముండే సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కొత్తలో ఈయనతో ఒకే ఖాతాలో మగ్గాలు నడిపిన స్నేహితులిద్దరు వారం తేడాతో పోయారు. ఈయన కూడా జ్వరంతో మంచం పట్టి లేచాడు. లేచాక డిండోలిలోని మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అప్పుడు నాకు జాలి వేసిన మాట నిజం. ఆ జాలి ఎక్కువకాలం నిలవనివ్వలేదు ఆయన.

దారులు తెరుచుకోగానే మా కింది అంతస్తు గుజరాతీ దంపతులు దుబాయ్ వెళ్లొచ్చి, సొసైటీ వాట్సాప్ గ్రూపు నిండా ఫోటోలు పెట్టారు. ప్రతి ఫోటోలోనూ ఆయన నల్లద్దాలు, ఆమె తెల్లటోపీ. వెనకున్న ఊరు ఏదైనా ఒకటే. మా ఆయన వాటిని వేళ్లతో పెద్దవి చేసి మరీ చూశాడు.

"మనం గూడ పోవాలె. బతికినం గదా," అన్నాడు నాతో.

బతికినందుకు గుడికి వెళ్లిన వాళ్లను చూశాను గాని, సింగపూర్ వెళ్లిన వాళ్లను చూడలేదు. అక్కడ పెద్ద రేవు ఉందట. ఓడల ముందు నిలబడి ఫోటో దిగాలట. దాని కోసం ముదురు నీలం కోటు ఒకటి కుట్టించాడు. ఆ ఎండల్లో కోటేమిటని అడిగితే, అది ఫోటోకు అన్నాడు.

టీకా కాగితాలు, పరీక్ష కాగితాలు పట్టుకుని, మాస్కుల్లో చెమటలు కక్కుతూ ఎట్లాగో వెళ్లాం. సంచిలో ఒక వైపు కోటు, ఇంకో వైపు దారిలో తినడానికి థేప్లా రొట్టెలు. దిగాక మళ్లీ పరీక్ష చేశారు. నాకు ఏమీ లేదన్నారు. ఆయనకు కరోనా ఉందన్నారు.

ఆయనకు దగ్గు లేదు, జ్వరం లేదు. అయినా హోటల్ గదిలోంచి కదలకూడదు. నాకు పక్కనే వేరే గది ఇచ్చారు. పొద్దున్నే పరీక్ష చేసుకుని, ఏమీ లేకపోతే బయటికి వెళ్లొచ్చన్నారు. ఆయన భోజనం గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టి నేను పక్కకు తప్పుకోవాలి. ముక్కులో పుల్ల పెడితే వచ్చిన ఫలితాన్ని మాటలతో మార్చగలనన్నట్టు ఆయన రోజూ హోటల్ వాళ్లతో ఫోన్‌లో హిందీలో వాదించాడు. వాళ్లకు హిందీ రాదు.

ఈయన లేకుండా నేనెక్కడికి పోతాను, నేనూ గదిలోనే ఉంటానన్నాను. వద్దన్నాడు. అది నా మీద దయ అనుకున్నాను. తీరా చూస్తే ఆయన ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఊరంతా తిరగాలి, ఆయన మంచం మీద నుంచి చూడాలి. కుడికి తిప్పు, పైకెత్తు, జర ఆగు అంటూ, ఖాతాలో తన కింది కుర్రాళ్ల చేత తెగిన దారం పోగులు అతికించినట్టు నన్ను ఊరంతా తిప్పాడు.

అక్కడ సింహం తల, చేప ఒళ్లూ ఉన్న తెల్లటి బొమ్మ ఒకటి నోట్లోంచి నీళ్లు చిమ్ముతూ ఉంటుంది. జనం దానికి ఎదురుగా నిలబడి, ఆ నీళ్లు తాగుతున్నట్టు నోరు తెరిచి ఫోటోలు దిగుతున్నారు. నోటి మాస్కు గడ్డం కిందికి లాగి, నోరు తెరిచి, మళ్లీ పైకి లాక్కుంటున్నారు. రెండేళ్లు ఒకరి ఊపిరికి ఒకరు భయపడి చచ్చినవాళ్లు రాతిసింహం ఉమ్మిని తాగడానికి వరుస కట్టారు. మా ఆయన నన్నూ నోరు తెరవమన్నాడు. తెరవనన్నాను. ఆయన అలిగాడు.

ఆ సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి సొసైటీ గ్రూపులో ఆయన ఫోటో ఉంది. పైన కోటు, టై. కింద లుంగీ ఉందని నాకు తెలుసు, ఫోటోలో నడుము దాకానే ఉంది. వెనక కిటికీలో రెండు భవనాల మధ్య చీలికంత సముద్రం, అందులో ఒక ఓడ తోక. కింది అంతస్తు భాభీ చప్పట్ల బొమ్మలు పెట్టింది.

పుట్టినరోజు నాటి పడవ టికెట్లు ముందే కొని ఉన్నాయి. పడవ నదిలోంచి బయల్దేరి రేవు వైపు తీసుకెళ్లి తిప్పి తెస్తుంది. నేను ఎక్కి కూర్చోగానే ఫోన్ మోగింది. ఆయన కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. పడవ కదిలాక, కెమెరా అటు కాదు ఇటు అంటూ మొదలుపెట్టాడు. నా పక్కన కూర్చున్న ముసలాయన రెండుసార్లు నా వైపు చూశాడు. నీళ్లు ఎట్లున్నాయో చూద్దామని తల తిప్పితే, ఫోన్ వంగిపోయిందని మా ఆయన కసురుకున్నాడు.

నేను ఫోన్ ఆపేసి సంచిలో వేశాను.

ఆ తర్వాత నీళ్లు, గాలి, దూరంగా ఓడలు. అంత పెద్దవి కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పెళ్లయ్యాక ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్లింది కూరగాయలకే. పడవ తిరిగి ఒడ్డుకు వస్తుంటే దిగబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి ఆయన గుమ్మం ముందు చిన్న కేకు డబ్బా పెట్టాను. తలుపు సందులోంచి అడిగాడు.

"ఫోన్ ఎందుకు బంద్ జేసినవ్? బ్యాటరీ అయిపోయిందా?"

"లేదు. నేనే బంద్ జేసిన."

"ఎందుకు?"

"చూసెతందుకు."

డబ్బా లోపలికి పోయింది. గోడ అవతల ఆయన ఒక్కడే తింటున్న చప్పుడు వినిపించింది. పుట్టినరోజు శుభాకాంక్షలు నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

చివరి రోజు ఆయనకు తగ్గిపోయిందన్నారు. విమానానికి ముందు ఒక మధ్యాహ్నం మిగిలింది. రేవు కనిపించే చోటికి తీసుకెళ్లాను. కోటు తొడుక్కుని, చెమటతో తడిసి, ఓడల ముందు ఆరేడు ఫోటోలు తీయించుకున్నాడు. ఫోటోలన్నీ సరిగా వచ్చాయో లేదో చూసుకున్నాక గాని తల తిప్పి ఓడల్ని చూడలేదు.

"గింతేనా?" అన్నాడు. "హజీరాల గూడ ఉంటయి గద ఓడలు."

హజీరా మా ఊరి రేవే, ఇంటి నుంచి గంట ప్రయాణం. ఏనాడూ ఆ వైపు పోలేదు మేము.

సూరత్ వచ్చిన ఆదివారం కింది అంతస్తు వాళ్లు మమ్మల్ని పిలిచి శనగపిండి ఖమన్ పెట్టారు. సింగపూర్ ఎట్లా ఉందని నన్ను అడిగారు. నేను నోట్లోది మింగే లోపే మా ఆయన అందుకున్నాడు. పడవలో గాలి ఎంత చల్లగా ఉంటుందో, ఓడలు దగ్గరి నుంచి ఎంత పెద్దగా కనిపిస్తాయో చేతులు చాచి చెప్పాడు. సింహం నీళ్లు మొహం మీద పడ్డాయన్నాడు. భాభీ అబ్బురంగా విన్నది. ఈసారి మలేషియా అని కూడా అన్నాడు. నేను ఇంకో ముక్క ఖమన్ వేసుకున్నాను.