మూత తీసే ముందు

బక్కమ్మ అన్నం గిన్నె మూత తీసే ముందు ఊపిరి బిగబడుతుంది. మూత పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాకే వదులుతుంది. ఆమె మా పక్క వాటాలో కిరాయికి దిగిన కొత్తలో మాకది వింతగా ఉండేది.

"అన్నం కరుస్తదా అత్తా?" అని మా చెల్లి ఆటపట్టిస్తే ఆమె కూడా నవ్వింది.

"అలవాటు బిడ్డా. చెయ్యి మూత మీద పడంగనే ముక్కు దానంతటదే మూసుకుంటది."

గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె ఏళ్ల తరబడి డ్రయ్యర్ దగ్గర పనిచేసింది. తడి మందుపొడిని ఆరబెట్టే యంత్రం అది. మూత తీయగానే తెల్లటి దుమ్ము, గొంతు గీరే ఆవిరి మొహం మీదికి లేస్తాయి. వాటిని బయటికి లాగాల్సిన ఫ్యాను చెడిపోయి ఏడాది దాటినా ఎవరూ బాగు చేయించలేదు. మాస్కు పేరుతో ఇచ్చింది గుడ్డపేలిక. అందుకని ఆ గదిలో ఆడవాళ్లు ఒకరికొకరు ఒక పద్ధతి నేర్పుకున్నారు. ఊపిరి బిగబట్టు, మూత తియ్యి, గడప దాటాక వదులు. అయినా బక్కమ్మకు దగ్గు పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఆ గది నుంచి తప్పించి గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పోసే పనిలో వేయమని మేనేజరు త్రినాథరావును అడుగుతూనే ఉంది. ఆమె కోరింది అదొక్కటే.

నిరుడు ఎండాకాలం చివర్లో ఫ్యాక్టరీలో యోగా శిబిరం పెట్టారు. "ముందు అది చెయ్యి, దగ్గు తగ్గుతుంది. మొక్కల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు త్రినాథరావు.

డ్రయ్యర్ గది పక్క షెడ్డులోనే చాపలు పరిచారు. పట్నం నుంచి వచ్చిన యోగా గురువు ఇంద్రజ, శ్వాస తీసుకుని ఆపమంది. ఆడవాళ్లంతా ఆపారు. ఆమె వదిలేసింది, వాళ్లు వదల్లేదు. ఆమె మురిసిపోయింది.

"అద్భుతం! నా దగ్గర ఎన్నాళ్లనుంచో నేర్చుకుంటున్నవాళ్లకే ఇంత కుంభకం కుదరదు. పూర్వజన్మ సాధన ఉంది మీకు."

"పూర్వజన్మ కాదు మేడం, ఫస్టు షిఫ్టు" అంది వెనక వరసలోంచి పోశమ్మ. "పొద్దుగాల సంది గిదే సాధన."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే బక్కమ్మకు దగ్గు తెర వచ్చి చాప మీద వంగిపోయింది. ఇంద్రజ ఆమె వీపు నిమిరింది.

"ఇది ప్రారబ్ధం తల్లీ. అనుభవించక తప్పదు. ఫలితం కోరకుండా మీ పని మీరు చేసుకుపోండి. అదే యోగం. కర్మబంధం తెగిపోతుంది."

త్రినాథరావుకు అంతకన్నా ఏం కావాలి?

"విన్నావా బక్కమ్మా? గది మారినంత మాత్రాన కర్మ మారుతుందా ఏంటి? ఇంక ఆ మొక్కల గోల వదిలెయ్."

బక్కమ్మ ఇదంతా చెబుతుంటే అనిపించింది, ఇవి నేను ఎమ్మే తత్వశాస్త్రంలో పరీక్షల కోసం చదివిన మాటలే. ఫలం మీద ఆశ వదులుకో అన్నది మనిషి తనకు తాను చెప్పుకోవాల్సిన మాట. ఇంకొకరి ఊపిరితిత్తులను వాడుకునేవాడు వాళ్లకు చెప్పే మాట కాదు. అనుభవించక తప్పనిది వెనకటి కర్మ అయితే, ఇవాళ చేసేది మన చేతిలోనే ఉందని కూడా ఆ తత్వమే చెప్పింది. ఆ సగం ఎవరూ పలకరు. ఫ్యాను చెడిపోయింది ఏ జన్మలోనో కాదు. దాన్ని అలా వదిలేసిన మనిషి ఇస్త్రీ చొక్కాతో ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు. మనిషిని విడిపించడానికి పుట్టిన మాటతోనే ఆమెను యంత్రానికి కట్టేయడానికి తాడు పేనారు.

బక్కమ్మ దగ్గు ఆపుకుని లేచింది.

"దగ్గు నా కర్మ. సరే సారూ. ఫ్యాను బాగ చేయించకపోవుడు ఎవల కర్మ?"

"నోరు ఎక్కువైంది నీకు."

"జెర లోపలికి రాండ్రి. నేను మూత తీస్త, మీరు నిండా పీల్చుండ్రి. మేడం చెప్పినట్టే, ఫలం కోరకుంట."

ఆయన రాలేదు. ఫ్యాను తిరిగేదాకా మూత ముట్టనని ఆమె డ్రయ్యర్ గది గడపలో కూర్చుంది. మర్నాడు గేటు దగ్గరే ఆపేసి, ఇంక పనికి రావద్దన్నారు. పక్కనే మొక్కలు నీళ్లు లేక వాడిపోయి ఉన్నాయట. ఆ మూత ఇప్పుడు రేఖ అనే కొత్త పిల్ల తీస్తోంది. ఫ్యాను అలాగే ఉంది.

బక్కమ్మ గుమ్మడిదల దగ్గర టమాట తోటల్లో కలుపు తీయడానికి కూలికి వెళ్తోంది. దగ్గు తగ్గలేదు.