మాంట్రియల్‌లో మా అత్తగారి మండువా

పోయిన నెల మా అమ్మాయి మిల్టన్‌లో టౌన్‌హౌస్ కొనుక్కుంటానంటే నేనూ మా ఆయనా మాంట్రియల్ నుంచి వెళ్ళి మోడల్ హోమ్ చూసివచ్చాం. అక్కడి సేల్స్ అతను హైదరాబాద్ వాడేనట, నన్ను చూడగానే తెలుగులోకి దిగిపోయి, వంటింటి వెనకాల తలుపున్న చిన్న గదొకటి చూపించి, "ఇది స్పైస్ కిచెన్ ఆంటీ, పోపులూ ఫ్రైలూ అన్నీ ఇక్కడే చేసేసుకోవచ్చు, అప్‌గ్రేడ్ తీసుకుంటే చాలు" అన్నాడు. మా ఆయన చైనా వాళ్ళ అబ్బాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు పట్టుబడిన నాలుగు తెలుగు మాటల్లో 'పోపు' ఒకటి. అది వినగానే నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపరే! పాపం, ఆ అబ్బాయి తనేం తప్పు మాట్లాడాడో తెలియక బిక్కమొహం వేశాడు. ఆ చిన్న గది కోసం మా ఇంట్లో ఒకప్పుడు ఎంత రామాయణం జరిగిందో అతనికెలా చెప్పను?

నేను తెనాలి నుంచి చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక మాంట్రియల్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాయింగులు గీసే పనిలో చేరాను. పక్క బల్ల ఆయనది. కాగితం మీద పెన్సిలు పట్టి గీసిన రోజులవి, చెరిపి చెరిపి చేతులు నల్లబడేవి, మీలో ఆ పని చేసినవాళ్ళకు తెలుస్తుంది. ఆయన మొహం చూడగానే, ఇల్లు కట్టించుకుందామని వచ్చినవాళ్ళంతా ఎర్ర స్తంభాలూ, కొసలు పైకి తిరిగిన పెంకుల కప్పూ, గుమ్మానికో డ్రాగనూ అడిగేవాళ్ళు. ఆయనకేమో కోపం ముక్కు మీదే ఉండేది. పంతం పట్టి గాజూ, తెల్లగోడా, తిన్నని గీతా తప్ప మరొకటి గీసేవారు కాదు. ఆ పంతం చూసే ఇష్టపడ్డానేమో, పెళ్ళి చేసేసుకున్నాను.

ఆయనకు తండ్రి చిన్నప్పుడే పోతే, మా అత్తగారు చైనాటౌన్‌లో మేడమీద రెండు గదుల్లో ఉంటూ, నలుగురి బట్టలు ఉతికి ఆయన్ను చదివించారు. అందుకని ఆయన మొట్టమొదట సొంతంగా కట్టిన ఇల్లు ఆవిడ కోసమే, ముగ్గురం అందులోకి చేరాం. అమ్మ చివరి రోజులు ఆ ఇంట్లో హాయిగా గడవాలన్నది ఆయన ఏకైక కోరిక. హాలుకూ వంటింటికీ మధ్య గోడన్నదే లేదు, అంతా అద్దంలా మెరిసిపోయేది. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, మ్యూజియం చూసినట్టు చూసి, చాలా బాగుందన్నారు. ఆ తర్వాత ఆ పొయ్యి మీద ఒక్కనాడు మూకుడు పెట్టలేదు. ఓవర్‌కోటు తొడుక్కుని, కారుండే గరాజ్‌లో తలుపు సగం ఎత్తి, చిన్న గ్యాసు పొయ్యి మీద చేపలు వేయించుకునేవారు. బయట చూస్తే మాంట్రియల్ మంచు!

ఆయన ఎంత చెప్పినా వినలేదు. తెల్ల గోడలకు నూనె పొగ పడుతుందని ఆవిడ, గోడలు పోతే పోనీ అని ఈయన. తల్లీకొడుకుల గొడవ చైనా భాషలోనే అయినా, గొడవ ఏ భాషలోనైనా అర్థమవుతుంది కదా. చివరికి ఒకరోజు ఆవిడ, మా ఇద్దరికీ ఉన్న ముక్కల ఇంగ్లీషులోనే, మంచు కరగ్గానే నా పాత గదులకు వెళ్ళిపోతానమ్మా అని నాతో చెప్పారు. ఆ మాట ఆయన చెవిన వేశాను. అమ్మ ఉండలేని ఇల్లు కట్టినవాణ్ణి నేనేం ఆర్కిటెక్ట్‌నని ఆయన అన్నప్పుడు నాకు ఏడుపొచ్చేసింది.

నిజానికి నా పరిస్థితీ అంతే. సోఫాలకు వాసన పడుతుందని ఆ చలికాలమంతా పోపన్నది పెట్టక నోరు చచ్చిపోయింది. ఒక ఆదివారం ఇంక తట్టుకోలేక, కోటు తొడుక్కుని, ఎండుమిరపకాయలూ ఆవాలూ ఇంగువా పట్టుకుని నేనూ గరాజ్‌లోకి వెళ్ళిపోయాను. ఆవిడ తన మూకుడు దించి పొయ్యి నాకిచ్చారు. చారులోకి పోపు వేశానో లేదో, ఆ ఘాటుకు ఇద్దరం దగ్గీ తుమ్మీ, కళ్ళ నీళ్ళతో ఒకటే నవ్వు. ఆ చప్పుడుకు ఆయన వచ్చి చూస్తే ఏముంది, తల్లీ పెళ్ళామూ ఉన్ని టోపీలు పెట్టుకుని గరాజ్‌లో వంట!

ఆయన ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుని మేం పెట్టింది తిన్నారు. తింటూ తింటూ, మీ ఊళ్ళో వంటిల్లు ఎలా ఉండేదమ్మా అని అడిగారు. అన్ని ఇళ్ళు గీసిన మనిషి తల్లిని ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆవిడ అలా చెబుతూనే పోయారు, ఆయన నాకు ఇంగ్లీషులో చెబుతున్నారు. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం, ఓ పక్క వంటిల్లు, పొగ పైకి, వాన కిందికి. ఓరి దేవుడా, అది మా మండువా లోగిలే కదా అని అరిచాను!

ఎండలు రాగానే వెనక గోడ పగలగొట్టించారు. తలుపున్న చిన్న వంటిల్లు, దానికీ ఇంటికీ నడుమ గాజు గోడల మండువా. స్తంభాల్లేవు, డ్రాగన్లు లేవు, గీతలన్నీ ఆయనవే, ఆకాశం మాత్రం వాళ్ళమ్మది. తర్వాత పత్రికల వాళ్ళు వచ్చి ఆధునికతలో చైనా శూన్యతత్వం అంటూ పేజీలు రాశారు. ఆ శూన్యం చేపల వేపుడు వాసనలోంచి పుట్టిందని నేను చెబితే ఎవరు నమ్ముతారు? సస్కటూన్‌లో లైబ్రరీ కట్టినా, వృద్ధుల నివాసం కట్టినా, ఆయన ముందు అక్కడ మసలే వాళ్ళను కూర్చోబెట్టి, మీకెలా కావాలండీ అని అడిగాకే పెన్సిలు పట్టేవారు.

కొత్త వంటింట్లో మొదట ఆయన నన్ను మన ఆచారం ప్రకారం పాలు పొంగించమన్నారు. పాలు పైకి రాగానే అత్తగారు గబుక్కున పొయ్యి ఆపేశారు, నేను వెలిగించాను, ఆవిడ మళ్ళీ ఆపారు. పొంగాలండీ, మంచిదండీ అని చెయ్యి పట్టుకుంటే, పొంగేదాకా చూసి, "నా పొయ్యి పాడుచేశావు, నువ్వే తుడువు" అన్నారు. నా పొయ్యి అన్నారని ఆయన నాకు తన వచ్చీరాని తెలుగులో రెండుసార్లు చెప్పారు, నాకేదో అర్థం కానట్టు.

ఆవిడ ఆ ఇంట్లోనే మా అమ్మాయికి నడక నేర్పారు, ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ఇప్పుడు ఎవరికేం కావాలో కంపెనీ వాళ్ళే ముందుగా గీసేస్తున్నారు, పిల్లలకు సుఖంగానే ఉంది, ఉండనీ. మా ఆయనకు చెయ్యి వణుకుతోంది, గీత తిన్నగా రావడం లేదు. అయినా సాయంత్రాలు మండువాలో కూర్చుని, అమ్మకు తూర్పు వైపు ఇంకో కిటికీ పెట్టి ఉండాల్సిందేమో అంటుంటారు. పెట్టించేయడం ఎంతసేపు, కావాలో వద్దో అడుగుదామంటేనే ఆవిడ లేరు.