చింతగింజ హీరో

ఫోన్ల గేమ్ అయిపోంగనే దాన్ని తయారుచేసినోళ్ల పేర్లు పైకి పోతున్నయి. నా కొడుకు బంద్ జేయబోతే చెయ్యి పట్టుకొని ఆపిన.

నా చిన్నప్పుడు బాపు పటాన్‌చెరుల మందుల కంపెనీల బాయిలర్ కాడ పనిచేసేటోడు. బాయిలర్ వేడి ఎంతున్నదో మిషన్ గీతలు గీసిన గళ్ల కాగితాలు పారేస్తుంటే ఇంటికి తెచ్చేటోడు. ఆ వంకర గీతను మా అక్క గుట్టలు జేసి, నడుమ ముండ్లు, బావులు గీసి గేమ్ తయారుచేసేది. చింతగింజ హీరో, ఆడేది నేను. టీవీ గేముల లెక్క చివర్ల తన పేరు రాసుకునేది.

ఒకనాడు జల్దీ గెలిచి, "గింతేనా? జెర కష్టమైంది గీయరాదే అక్కా" అన్న.

"రేపు గీస్త తియ్" అన్నది.

తెల్లారి టిఫిన్ డబ్బ పట్టుకొని జిన్నారం కంపెనీ బస్సెక్కింది. బాపు మంచం పట్టి నెలైంది. నేనేమో, కష్టమైన గేమ్ నేర్చుకొని రానీకే పోయిందనుకున్న.

సాయంత్రం అక్క బట్టలకు బాపు బట్టలకొచ్చే మందుల వాసనే వచ్చింది. గోడకు ఒరిగి, కూసున్నకాడనే నిద్రవోయింది. చింతగింజ నా గుప్పిట్లనే ఉన్నది.

పేర్లన్నీ ఆఖరుదాకా సదివిన.

"ఎవల పేరు ఎతుకుతున్నవ్ నాన్నా?"

"మీ అత్తమ్మది."

"అత్తమ్మ మందు గోలీలు ప్యాక్ చేస్తది గద!"